సిద్ధాంత గ్రంథంపై హక్కు ఎవరిది?

ప్రశ్న: పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలోని ఒక అధ్యాయం పరిశోధన పత్రికలో అచ్చయింది. గ్రంథాన్ని పుస్తకంగా తేవడానికి పత్రిక అనుమతి కావాలా? పర్యవేక్షకుల పేరును సహ రచయితగా చేర్చాలా?

జవాబు: రచయిత కావడం వేరు, హక్కుదారు కావడం వేరు. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం సాధారణంగా రచన చేసినవారే తొలి హక్కుదారు. ఉద్యోగ విధుల్లో భాగంగా రాసినదైతే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు యజమానికి చెందుతుంది. పరిశోధక విద్యార్థులు ఉద్యోగులు కారు కనుక, విశ్వవిద్యాలయంతో వేరే ఒప్పందం లేకపోతే గ్రంథంపై హక్కు వారిదే. అయితే వ్యాసాన్ని అంగీకరించాక పత్రిక పంపే హక్కుల బదలాయింపు పత్రం మీద చదవకుండా సంతకం పెట్టేయడంతోనే చిక్కు మొదలవుతుంది. బదలాయింపు లిఖితపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుందనీ, అందులో కాలపరిమితి లేకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశం వరకుగా భావించాలనీ 19వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి ముందు ఆ పత్రాన్ని వెతికి చదవాలి. సొంత పుస్తకంలో తిరిగి వాడుకునే వీలు తరచూ అందులోనే ఉంటుంది, లేకపోతే అనుమతి కోరుతూ రాయాలి. హక్కులన్నీ ఇచ్చివేసినా, ఆ రచన తనదని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద రచయితకు మిగిలే ఉంటుంది.

ఇక పర్యవేక్షకుల విషయం. చట్టం రక్షించేది ఆలోచనను కాదు, దాన్ని వ్యక్తం చేసిన తీరును. దారి చూపినవారికి, చిత్తుప్రతి దిద్దినవారికి కృతజ్ఞతలు చెప్పడం ధర్మం. రాతలో పాలు లేనివారిని, మర్యాద పేరిట సాగుతున్న అలవాటే అయినా, సహ రచయితలుగా చూపడం సబబు కాదు.

ప్రశ్న: క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో విడుదల చేసిన వ్యాసాన్ని ఇతరులు తమ పేరుతో వేసుకోవచ్చా?

జవాబు: వేసుకోకూడదు. 2002లో తొలిసారి వెలువడిన ఈ లైసెన్సులు హక్కును వదులుకోవడం కాదు, కొన్ని షరతులతో అందరికీ ముందే అనుమతి ఇవ్వడం. ‘బై’ అంటే రచయిత పేరు చెప్పి తీరాలి. ‘ఎస్‌ఏ’ అంటే మార్చిన రచననూ అదే షరతుతో పంచాలి, తెలుగు వికీపీడియా పాటించేది ఈ పద్ధతినే. ‘ఎన్‌సీ’ వ్యాపార వినియోగాన్ని, ‘ఎన్‌డీ’ మార్చిన రచనను పంచడాన్ని అనుమతించవు. అనువాదం కూడా మార్పు కిందికే వస్తుంది కనుక, తన వ్యాసం ఇతర భాషల్లోకి వెళ్లాలని కోరుకునేవారు ‘ఎన్‌డీ’ పెట్టుకోవడం తలుపు తామే మూసుకోవడం. ఒకసారి ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవడం కుదరదు.

ప్రశ్న: కాపీరైట్ తీరిన పుస్తకం నుంచి పేరు చెప్పకుండా రాసుకోవచ్చా?

జవాబు: రచయిత మరణించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లకు కాపీరైట్ తీరుతుంది. 1915లో మరణించిన గురజాడ అప్పారావు తన జీవితకాలంలో ప్రచురించిన రచనలను ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. పేరు చెప్పకుండా వాటిని వాడుకుంటే మాత్రం అది గ్రంథచౌర్యమే. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం సిద్ధాంత గ్రంథంలో ఇతర రచనలతో పోలిక 60 శాతం దాటితే పరిశోధక నమోదే రద్దవుతుంది.