మూత్రపిండముల వ్యాధి: ఏ రోగి లెక్క ఆ రోగిదే

మా అన్నగారికి ఇరువది సంవత్సరములుగా చక్కెర వ్యాధి కలదు. అయిదేండ్ల క్రిందట అది ఉన్నట్టుండి తగ్గసాగినది. ఇన్సులిన్ మోతాదు సగము చేసితిమి. అయినను తెల్లవారుజామున చెమటలు పట్టి కన్నులు తిరుగుచుండెను. పథ్యము పాటించినందుకు ఫలము దక్కినదని ఇంటిల్లిపాదియు సంతోషించితిమి. ఆ సంతోషము పొరబాటని రక్తపరీక్షలో తేలినది. ఒంటిలోని ఇన్సులిన్‌ను కొంత ఖర్చుపెట్టునవి మూత్రపిండములే. అవి చెడినప్పుడు ఇన్సులిన్ రక్తములో ఎక్కువసేపు నిలిచి చక్కెరను పడగొట్టును. సుమారు 1.2కు లోపల ఉండవలసిన క్రియాటినిన్ ఆయనకు 4.6 ఉండెను. కావున ఏండ్ల తరబడి చక్కెర వ్యాధి ఉన్నవారికి కారణము లేకుండ చక్కెర తగ్గినచో, మిఠాయి పంచుటకు ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించవలెను.

మూత్రపిండములు మలినమును వడపోయుటయే గాక ఉప్పు, నీరు, పొటాషియము సరిచూచును. ఎముకలకు కావలసిన డి విటమినును పనికివచ్చునట్లు మార్చును. రక్తము పుట్టించుటకు ఎముకల మజ్జకు హార్మోను పంపును. కావున అవి క్షీణించినప్పుడు అన్నివైపుల నుండి బాకీదారులు వచ్చి కూర్చుందురు. ఒకరికి ముందు వాపు వచ్చును, ఒకరికి రక్తహీనత, మరియొకరికి దురద, వాంతులు. ఎవరికి ఏది ముందు వచ్చునో ఆ రోగిని చూచియే తెలిసికొనవలెను.

ఇది తెలియక మేము చేసిన తప్పు చెప్పెదను. నీరు ఎక్కువ త్రాగినచో మూత్రపిండములు కడిగినట్లగునని ఇరుగుపొరుగువారు చెప్పిరి. మూడేండ్ల క్రిందట ఎండకాలములో అన్నగారిచేత చెంబుల కొలది నీరు, దినమునకు రెండు లేత కొబ్బరిబోండములు త్రాగించితిమి. వారము తిరుగకమునుపే ఒక రాత్రి ఆయన పడుకొనలేక కూర్చుండి రొప్పసాగెను. తిరుమంగళము నుండి మదురైకి కారులో తీసికొనిపోవునప్పటికి నాడి మందగించినది. ఊపిరితిత్తులలో నీరు చేరినది. 5కు మించకూడని పొటాషియము 7 అయినది. గుండె నిలుచుటకు ఇది చాలునని డాక్టరు చెప్పిరి. గుండెను కాపాడుటకు కాల్షియము సూది, పొటాషియమును కణములలోనికి నెట్టుటకు ఇన్సులిన్‌తో గ్లూకోసు ఇచ్చిరి. దానిని ఒంటినుండి వెలికి తీసినది మాత్రము డయాలిసిసే. మన ఇండ్లలో చాలమంది కందమూలములు ముట్టరు గనుక బంగాళాదుంప బాధ లేదు గాని అరటిపండు, టమాటా, కొబ్బరినీరు, ఎండు ద్రాక్ష మిగిలియే యున్నవి. వ్రతము ముగించునప్పుడు మనము రోగి చేతికి ఇచ్చునవి తరచుగా ఇవే. ఉపవాసము తలపెట్టు రోగి ముందుగా డాక్టరుతో చెప్పవలెను.

ఇంకొక చిక్కు. మూత్రపిండములను కాపాడుటకు ఇచ్చు టెల్మిసార్టాన్ వంటి రక్తపోటు మాత్రయే కొందరికి పొటాషియమును పెంచును. ఒకరికి మేలు చేసినది ఒకరికి ఆపవలసి వచ్చును. మోకాళ్ల నొప్పికి అంగడిలో అడిగి కొను డైక్లోఫెనాక్ మాత్రలు మాత్రము ఈ రోగులెవరికిని తగవు.

జీడిపప్పు కొనుగోలుకై నేను శ్రీకాకుళము జిల్లా పలాసకు పోవుట కలదు. ఆ ప్రక్కనే ఉద్దానము. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో కొబ్బరి, జీడితోటల నడుమ ఎన్నో గ్రామములు ఈ వ్యాధితో నలుగుచున్నవి. అక్కడ చాలమందికి చక్కెర వ్యాధి లేదు. మొదట వాపు గాని పెద్ద రక్తపోటు గాని కనబడదు. పొలము పనిచేయు మనిషి బాగుగానే ఉన్నాననుకొనుచుండగా క్రియాటినిన్ పెరిగిపోవును. నీరా, మట్టియా, పురుగుమందులా, ఎండలో శ్రమయా అని పరిశోధించుచున్నారు; కారణము నేటికిని తేలలేదు. శ్రీలంకలోను, మధ్య అమెరికా చెరకు తోటల కూలీలలోను ఇటువంటిదే కలదు. 2023 డిసెంబరులో పలాసలో ఈ వ్యాధికై ప్రత్యేక ఆసుపత్రి తెరచిరి. ఎండలో చెమటోడ్చు ఆ కూలీకి నీరు చాలకపోవుట చేటు; మా అన్నగారికి అదే నీరు ప్రాణము మీదికి తెచ్చినది. ఇద్దరి వ్యాధికిని పేరు ఒకటే.

డయాలిసిస్ మొదలైన తరువాత మరియొక పొరబాటు జరిగినది. అంతకుముందు పప్పు తగ్గించవలెనని చెప్పియుండిరి. వదినెగారు అదే నియమము కొనసాగించగా ఆయన చిక్కి సగమైరి. డయాలిసిస్‌లో మాంసకృత్తులు కొంత పోవును గనుక అప్పటినుండి ఎక్కువ తినవలెనట. పెరుగు, పప్పు తిరిగి కొలిచి పెట్టుచున్నాము. అందలి భాస్వరమునకు విరుగుడు మాత్రను అన్నముతోనే మ్రింగవలెను, పరగడుపున వేసికొన్నచో ఫలము లేదు. రక్తము పుట్టుటకు ఇచ్చు ఎరిత్రోపొయిటిన్ సూదికి ముందు ఇనుము చాలినంత ఉన్నదా అని చూడవలెను. హీమోగ్లోబిన్‌ను 13 దాటించినచో పక్షవాతపు భయము ఎక్కువగును గనుక 11 దగ్గర ఆపుదురు.

1943లో హాలెండులో కోల్ఫ్ అను డాక్టరు డయాలిసిస్ యంత్రము కట్టెను. అయినను 1960లో సియాటిల్‌లో స్క్రిబ్నర్ రక్తనాళమునకు నిలుకడగల గొట్టము అమర్చు వరకు దీర్ఘరోగులను ఏండ్ల తరబడి నిలుపుట సాధ్యము కాలేదు. ఇప్పుడు చేతిలో ధమనిని సిరతో కలిపి ఫిస్టులా చేయుదురు. అది పండుటకు వారములు పట్టును. అవసరము ముంచుకొని రాకముందే చేయించవలెను. ఆ చేతికి సూది గాని రక్తపోటు పట్టీ గాని తగులనీయరాదు. అన్నగారు ఎడమచేతిని పసిపిల్లవానివలె కాచుకొందురు.

వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1971లో మూత్రపిండ మార్పిడి జరిగినది. 1994 నాటి చట్టము ప్రకారము దగ్గరి బంధువులు, వారిలో భార్యయు, ఇయ్యవచ్చును. వదినెగారు తానే ఇచ్చెదనని పట్టుబట్టియున్నారు. రక్తవర్గము సరిపోయినది. ఆమెకు చక్కెర వ్యాధి లేదని రూఢిచేయు పరీక్షలు ఇంకను జరుగుచున్నవి. అంతవరకు సోమ, బుధ, శుక్రవారములలో నాలుగేసి గంటలు యంత్రము ప్రక్కన ఆయనకు తోడుగా వంతులవారీగా కూర్చుండుచున్నాము. బుధవారము నా వంతు.