కడియాల అచ్చు: పెద్దవాళ్ళ కథలు అడగడం ఎలా?

ముందు నా తప్పుతో మొదలుపెడతాను.

పోయిన సంక్రాంతి సెలవులకి మా ఊరు కొయ్యూరు వెళ్ళాను. మా మామ్మ (నాన్న వాళ్ళ అమ్మ) అరుగు మీద కూర్చుని అడ్డపొగ తాగుతోంది. తెలియని వాళ్ళకి చెప్తున్నా, అడ్డపొగ అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో ముసలి ఆడవాళ్ళ దగ్గర ఇప్పటికీ కనిపిస్తుంది. నేను చెప్పకుండా వీడియో తీసి, కామెడీ మ్యూజిక్ కలిపి, "మా మామ్మ స్వాగ్" అని రీల్ పెట్టేశాను. లైకులు బాగానే వచ్చాయి. మా తమ్ముడు దాన్ని తీసుకెళ్ళి మామ్మకే చూపించాడు.

మామ్మ ఒక్క మాట కూడా అనలేదు. కానీ మర్నాటి నుంచి నా చేతిలో ఫోన్ కనిపిస్తే చాలు, చుట్ట పక్కన పెట్టేసి కొంగు తల మీదకి లాక్కునేది.

రీల్ డిలీట్ చేశాను. కొంగు మాత్రం వెంటనే దిగలేదు. వేసవి సెలవుల్లో మళ్ళీ వెళ్ళి, ఈసారి ఫోన్ లోపల పెట్టి కూర్చున్నాను. అప్పుడు నేర్చుకున్నవి ఇక్కడ పాఠంలా రాస్తున్నా. ఇంగ్లీష్ మీడియం తెలుగు, సర్దుకోండి.

1. వింతగా ఉన్నదాని వెనక పని ఉంటుంది

"నిప్పు లోపల ఎందుకు మామ్మా?" అని నవ్వకుండా అడిగాను. "కుప్ప నూర్చే కళ్ళంలో రవ్వ పడితే ఏటౌద్ది? గాలికి ఆరిపోదు, బూడిద రాలదు, రెండు సేతులూ కాళీగుంటాయి" అంది. నాకు స్వాగ్‌లా కనిపించింది, తనకి పొలం పనిలో అబ్బిన అలవాటు.

ఇంకో మాట కూడా చెప్పాలి. అడ్డపొగకీ అంగిట్లో వచ్చే కేన్సర్‌కీ సంబంధం ఉందని మన ఉత్తరాంధ్ర పల్లెల్లోనే డాక్టర్లు పరిశోధన చేసి తేల్చారు. పెద్దవాళ్ళ స్టైల్‌ని గౌరవించడం అంటే అన్నీ మంచివే అనడం కాదు. నేను మామ్మని నోరు చూపించుకోడానికి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. చుట్ట మానలేదు కానీ తగ్గించింది. కారణం తెలుసుకున్నాక చెప్పాను కాబట్టే నా మాట విందనుకుంటా.

2. "కథ చెప్పు" అనకండి, ఒక వస్తువు గురించి అడగండి

"మామ్మా, నీ జీవితం గురించి చెప్పు" అంటే "ఏటుంది సెప్పడానికి?" అనే వస్తుంది. ఆ ప్రశ్న వాళ్ళకి ఇంటర్వ్యూలా ఉంటుంది. అదే ఒంటి మీద కనిపించే దాని గురించి అడిగితే మాట దానంతట అదే వస్తుంది. ముక్కుకున్న కన్నాలు, చేతి మీద పచ్చబొట్టు, తాతల భుజం మీద తువ్వాలు, తలపాగా చుట్టే పద్ధతి, చీర కొంగు భుజం దగ్గర ముడేసే తీరు, ఏదైనా సరే.

మామ్మ చీలమండల దగ్గర చర్మం నల్లగా, కొంచెం నొక్కుకుపోయి ఉంటుంది. ఇన్నేళ్ళూ చూశాను, ఎప్పుడూ అడగలేదు. ఈసారి అడిగాను. అది వెండి కడియాల అచ్చట. పెళ్ళికి వాళ్ళమ్మ పెట్టింది. పదో తరగతి అయ్యాక నాన్నని పై చదువుకి పంపాల్సి వచ్చినప్పుడు నర్సీపట్నం తీసుకెళ్ళి అమ్మేసింది. ఏళ్ళ తరబడి కాళ్ళకే ఉన్నాయి కదా, ఊడిరాలేదు. కంసాలి పనిముట్టు పెట్టి విప్పాడు.

"ఆ బాధ కాదమ్మీ. తిరిగొచ్చేటప్పుడు కాళ్ళు మరీ తేలికైపోయి, అడుగు యాడ పడతందో తెలీలేదు."

రాత్రి ఈ సంగతి నాన్నతో అన్నాను. నాన్నకి తెలీదు. ఎవరి దగ్గరో అప్పు చేసి కట్టారనుకున్నాడట ఇన్నాళ్ళూ.

3. చూసింది వేరు, విన్నది వేరు

కొయ్యూరు పేరు మీరు హిస్టరీ పుస్తకంలో చదివే ఉంటారు. 1924 మే 7న అల్లూరి సీతారామరాజుని మంప దగ్గర పట్టుకుని, కొయ్యూరు తీసుకొచ్చి కాల్చేశారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. 2022లో జిల్లాకి కూడా ఆయన పేరే పెట్టారు.

ఆ రోజుకి పదేళ్ళున్న పిల్లాడు ఇప్పుడుంటే నూట పదేళ్ళు దాటి ఉండాలి. అంటే కళ్ళతో చూసినవాళ్ళు ఇక మనకి దొరకరు. వాళ్ళ నోటి నుంచి విన్నవాళ్ళే మిగిలారు, వాళ్ళకీ డెబ్బై దాటాయి. మామ్మ వాళ్ళ నాన్న అప్పుడు చిన్నపిల్లాడట. ఊళ్ళో తలుపులేసుకుని కూర్చున్నారని ఆయన చెప్పేవాడట. మామ్మ చెప్తుంటే కొన్నిచోట్ల 1974 నాటి కృష్ణ గారి సినిమా కూడా వచ్చి కలిసిపోయింది! నవ్వుకున్నాం. అందుకే రాసేటప్పుడు మూడు ముక్కలు విడిగా రాసుకోండి: ఎవరు చెప్పారు, వాళ్ళు చూశారా విన్నారా, ఎవరి దగ్గర విన్నారు. మన భాషలో చెప్పాలంటే ఫైల్ ఒక్కటే సరిపోదు, మెటాడేటా కూడా ఉండాలి.

4. కెమెరా ఎవరి చేతిలో ఉన్నా, మాట వాళ్ళదే ఉండాలి

యూట్యూబ్‌లో పెద్దవాళ్ళకి చోటు లేదనుకోవద్దు. గుంటూరు జిల్లా గుడివాడ గ్రామంలో మస్తానమ్మ గారు నూరేళ్ళు దాటిన వయసులో కట్టెల పొయ్యి మీద వండుతూ "కంట్రీ ఫుడ్స్" ఛానెల్‌తో ప్రపంచమంతా తెలిశారు. 2018 డిసెంబర్‌లో చనిపోయారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ గారు "మై విలేజ్ షో"తో మొదలుపెట్టి, 2020లో బిగ్ బాస్ ఇంటి దాకా వెళ్ళారు. అమెరికాలో ఆరి సేథ్ కోహెన్ అనే ఫొటోగ్రాఫర్ న్యూయార్క్ వీధుల్లో సొంత స్టైల్ ఉన్న పెద్దవాళ్ళని ఫొటోలు తీసి, "అడ్వాన్స్‌డ్ స్టైల్" అని 2012లో పుస్తకమే వేశాడు. ఆయనకి ఆ ఇష్టం వాళ్ళ అమ్మమ్మా నానమ్మల దగ్గర నుంచే వచ్చింది.

వీళ్ళకీ నా రీల్‌కీ తేడా ఎక్కడుందని ఆలోచించాను. మస్తానమ్మ గారూ గంగవ్వ గారూ తమ యాసలో తామే మాట్లాడారు. కెమెరా ఉందని వాళ్ళకి తెలుసు. నా రీల్‌లో మామ్మ గొంతే లేదు, నేను పెట్టిన మ్యూజిక్ ఉంది. చూసేవాళ్ళు నవ్వింది మామ్మతో కలిసి కాదు, మామ్మని చూసి.

కాబట్టి తీసే ముందు అడగండి. తీశాక ముందు వాళ్ళకే చూపించండి. వద్దంటే అక్కడితో ఆపేయండి.

5. రికార్డ్ చేసే పద్ధతి, క్లుప్తంగా

మధ్యాహ్నం భోజనాలయ్యాక మంచి టైమ్. వీడియో కన్నా ముందు ఆడియో మేలు, గొంతు మాత్రమే అంటే బెరుకు తగ్గుతుంది. చేతికి ఏదో పని ఉండనివ్వండి, చింతపండు గింజలు తీయడమో, చేటలో బియ్యం చెరగడమో. మధ్యలో మాట సరిచేయొద్దు. "సూడు" అంటే "సూడు" అనే రాయండి. తేదీ, ఊరు, చెప్పినవాళ్ళ పేరు రాసి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా కాపీ ఉంచండి.

మీకో చిన్న అసైన్‌మెంట్: ఈ సెలవుల్లో ఇంట్లో పెద్దవాళ్ళ ఒంటి మీద మీరు రోజూ చూస్తూ ఎప్పుడూ అడగని వస్తువో మచ్చో ఒకటి ఎంచుకోండి. దాని గురించి ఒక్క ప్రశ్న అడిగి, వచ్చిన జవాబు ఒక పేరాలో రాయండి. వాళ్ళు సరే అంటేనే క్లబ్‌కి పంపండి.

మామ్మ ఫొటో మాత్రం ఇక్కడ పెట్టట్లేదు. తీశాను, చూపించాను. "కాళ్ళు మటుకు తీసుకో, మొకం వొద్దు" అంది. సరే అన్నాను. అది మా ఇంట్లో ఉంది.