మోటారూ తెలియాలి, ప్రోగ్రామూ తెలియాలి

ఫ్యాక్టరీలో కన్వేయర్ బెల్టు ఉన్నట్టుండి ఆగిపోయింది. మోటారు బాగానే ఉందంటాడు ఎలక్ట్రీషియన్. బేరింగుల్లో లోపమేమీ లేదంటాడు ఫిట్టరు. అప్పుడు ప్యానెల్ తలుపు తెరిచి, మెషీన్‌ను నడిపే పీఎల్‌సీ (ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్) మీద ఏ ఇన్‌పుట్ లైటు వెలగడం లేదో చూసి, దుమ్ము పట్టిన సెన్సర్ దగ్గరికి నేరుగా వెళ్లేవాడే ఎలక్ట్రోమెకానికల్ టెక్నీషియన్.

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలు ఈ పనిని రెండేళ్ల అసోసియేట్ డిగ్రీగా నేర్పుతాయి. మన పాలిటెక్నిక్ డిప్లొమాకు దగ్గరి చుట్టమే, కాకపోతే అక్కడ పన్నెండో తరగతి అయ్యాక చేరతారు. అక్కడ స్థిరపడిన తెలుగు ఇళ్లలో కంప్యూటర్ సైన్సు తప్ప వేరే మాట వినపడదు. ఇంట్లో మిక్సీ విప్పి మళ్లీ బిగించే పిల్లలుంటే మాత్రం ఈ కోర్సు వైపు ఓసారి చూడాలి.

సర్క్యూట్లు, మోటార్లు, హైడ్రాలిక్స్, న్యూమాటిక్స్, డ్రైవులు అన్నీ ఉంటాయి. అసలు ప్రాణం పీఎల్‌సీదే. కార్ల మోడల్ మారినప్పుడల్లా రిలే ప్యానెళ్లకు వైరింగంతా మార్చలేక జనరల్ మోటార్స్ దారి వెతుకుతున్న రోజుల్లో, 1969లో మోడికాన్ కంపెనీ దాన్ని తెచ్చింది. రిలే డ్రాయింగులకు అలవాటుపడిన ఎలక్ట్రీషియన్లు చదవగలిగేలా దాని ప్రోగ్రాం రాసే ల్యాడర్ లాజిక్‌ను నిచ్చెన మెట్లలాగే ఉంచారు. కోడింగంటే భయపడేవాళ్లకూ ఇది పట్టుబడుతుంది. అక్కడి ఫ్యాక్టరీల్లో 480 వోల్టుల త్రీ-ఫేజ్ సరఫరా మామూలు. అందుకే మెషీన్ ముట్టుకునే ముందు మెయిన్ ఆపి, దానికి మీ తాళం వేసి, తాళంచెవి మీ జేబులోనే ఉంచుకోవడం అలవాటు చేస్తారు.

ఒహాయోలోని సిన్సినాటి స్టేట్ కమ్యూనిటీ కాలేజీలో చదువుతూనే కంపెనీల్లో జీతానికి పనిచేసే కో-ఆప్ పద్ధతి బలంగా ఉంది. ఆ పద్ధతి పుట్టింది కూడా అదే ఊళ్లో, 1906లో, సిన్సినాటి యూనివర్సిటీలో.

చేరేముందు చూసుకోవాల్సినవీ ఉన్నాయి. అప్లయిడ్ సైన్సు అసోసియేట్ డిగ్రీ నేరుగా ఉద్యోగానికి పనికొస్తుంది. తర్వాత నాలుగేళ్ల ఇంజినీరింగుకు మారదామంటే క్రెడిట్లన్నీ చెల్లకపోవచ్చు. ఆల్జీబ్రా, ట్రిగొనామెట్రీతో సరిపెట్టే కోర్సయితే క్యాల్‌క్యులస్ విడిగా చదవాలి. ఏ యూనివర్సిటీతో ఒప్పందం ఉందో ముందే కాగితం మీద చూపించమనండి.

ఇక్కడి నుంచి అప్పు చేసి దీనికోసమే వెళ్లమని నేను చెప్పను. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద చదివితే, చదువయ్యాక పనిచేసే అనుమతి (ఓపీటీ) ఏడాది వరకే. సైన్సు, టెక్నాలజీ కోర్సులకిచ్చే 24 నెలల స్టెమ్ పొడిగింపు కావాలంటే కనీసం బ్యాచిలర్స్ ఉండాలి. హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే హెచ్-4 మీద ఉన్నవాళ్లు చదువుకోవచ్చు గానీ, పని అనుమతి లేనిదే జీతమిచ్చే కో-ఆప్‌లో చేరడానికి లేదు. గ్రీన్ కార్డో పౌరసత్వమో ఉన్న పిల్లలకు ఈ చిక్కులేవీ ఉండవు.

కాలేజీ చూడటానికి వెళ్తే బ్రోషర్లు పక్కనపెట్టి ల్యాబుకు నడవండి. ఒక్కో ట్రైనర్ కిట్ చుట్టూ ఎంతమంది నిలబడుతున్నారో గమనించండి. సాయంత్రం క్లాసుకు ఫ్యాక్టరీ యూనిఫాంతోనే వచ్చినవాళ్లు కనిపిస్తే, ఈ చదువు మొదలెట్టాక వాళ్ల కంపెనీలో పనీ జీతమూ ఏమైనా మారాయా అని అడగండి.