రామానుజన్ పట్టికలో లేని సంఖ్య



డిసెంబరు 22 శ్రీనివాస రామానుజన్ పుట్టినరోజు, మన జాతీయ గణిత దినోత్సవం. ఆ సందర్భంగా ఆయన పనికి సంబంధించిన ఒక పెద్ద సంఖ్యను మీ పిల్లలతో కలిసి చూడండి: 2,93,31,86,25,600. అంటే 29,331 కోట్ల 86 లక్షల 25 వేల 600.

ముందు చిన్న సంఖ్యతో మొదలుపెడదాం. 12ను శేషం లేకుండా భాగించేవి 1, 2, 3, 4, 6, 12. మొత్తం ఆరు కారణాంకాలు. 12 కంటే చిన్న సంఖ్య దేనికీ ఆరు లేవు. ఇలా తనకంటే చిన్నవాటన్నిటికన్నా ఎక్కువ కారణాంకాలున్న సంఖ్యను హైలీ కాంపోజిట్ నంబర్ అంటారు.

కారణాంకాలను ఒక్కొక్కటీ రాయకుండానే లెక్కపెట్టవచ్చు. 12 = 2²×3. ఒక కారణాంకం తయారుచేయాలంటే 2ను అసలు తీసుకోకపోవచ్చు, ఒకసారి తీసుకోవచ్చు, రెండుసార్లు తీసుకోవచ్చు: మూడు దారులు. 3ను తీసుకోవచ్చు, మానేయవచ్చు: రెండు దారులు. 3×2 = 6. అంటే ప్రతి ఘాతాంకానికీ 1 కలిపి, వచ్చినవాటిని గుణిస్తే చాలు.

ఇప్పుడు మన పెద్ద సంఖ్య:
2⁶×3⁴×5²×7²×11×13×17×19
కారణాంకాలు: 7×5×3×3×2×2×2×2 = 5,040.
దీనికంటే చిన్న సంఖ్య దేనికీ ఇన్ని కారణాంకాలు లేవు.

ఇలాంటి సంఖ్యలపై రామానుజన్ 1915లో, కేంబ్రిడ్జిలో ఉండగా, ఒక పెద్ద వ్యాసం ప్రచురించారు. అందులో 102 సంఖ్యల పట్టిక ఇచ్చారు. కంప్యూటర్లు లేని కాలం అది. ఆ పట్టికలో ఉండాల్సిన ఒక్క సంఖ్య తప్పిపోయింది. అదే మనం పైన చూసిన సంఖ్య!

ఒక సంఖ్య తప్పిపోయినంత మాత్రాన ఆ వ్యాసం విలువ తగ్గలేదు. గణిత విద్యార్థులు ఇప్పటికీ దాన్ని చదువుతున్నారు.

మీ పిల్లల లెక్కల పేపరు ఇంటికి వచ్చినప్పుడు ఇది గుర్తుంచుకోండి. పద్ధతి తెలిసి ఒక మెట్టు దగ్గర పొరపాటు పడిన పిల్లలకూ, పద్ధతే అర్థంకాని పిల్లలకూ పోయిన మార్కులు ఒకటే కావచ్చు. ఇంట్లో మీరు చేయాల్సిన సాయం మాత్రం వేరు. మొదటివారికి సరిచూసుకునే అలవాటు కావాలి. రెండోవారికి పాఠం మళ్లీ మొదటి నుంచి కావాలి. అందుకే "మార్కు ఎందుకు పోయింది?" అనే ముందు "ఈ లెక్క ఎలా చేశావో చెప్పు" అని అడగండి. తేడా మీకే తెలుస్తుంది.

ఇంట్లో చేయించండి: 12, 24, 36, 60, 120. ఇవన్నీ హైలీ కాంపోజిట్ నంబర్లే. మధ్యలో ఒకటి కావాలనే వదిలేశాం. అదేమిటో పిల్లల్ని కనుక్కోమనండి. కారణం కూడా చెప్పించండి.

జవాబు: 48. 36కు 9 కారణాంకాలు. 48 = 2⁴×3 కాబట్టి 5×2 = 10.