బావి యింజను నిలుకడగా నడవనప్పుడు చేయదగిన పరీక్షలు

వరి పొట్టమీద నున్న దినములలో బావి యింజను ఆగినచో రైతునకు గలుగు నష్టము చిన్నది కాదు. నీటి యెద్దడి వలన గింజ తాలు పోవును. అయితే ఇంజను హఠాత్తుగా చెడుట యరుదు. వేగము తగ్గించి వట్టిగా నడిపినప్పుడు అది యొకసారి హెచ్చుగను, ఒకసారి తక్కువగను తిరుగుచు వణకుట రాబోవు చెరుపునకు గుర్తు.

డీసెలు ఇంజనులో పెట్రోలు ఇంజనులో వలె నిప్పురవ్వ పుట్టదు. 1897 సంవత్సరమున జర్మనీ దేశపు ఆగ్స్‌బర్గు పట్టణములో రుడాల్ఫ్ డీసెలు నడిపి చూపిన యంత్రము నందువలెనే, గాలి గట్టిగా నొత్తబడి కాగును. ఆ వేడికి నూనె మండును. కావున లోపము నూనెలోనో, గాలిలోనో, ఒత్తిడిలోనో, వేగమును సరిచూచు గవర్నరులోనో యుండును.

ముందుగా ఇంజనును అయిదు నిమిషములు నడిపి, వేడెక్కిన పిమ్మట పొగను చూడవలెను. నల్లపొగ గాలి చాలమిని గాని నూనె హెచ్చును గాని తెలుపును. తెల్లపొగ మండని నూనెకు గాని, నీటికి గాని గుర్తు. నీలిపొగ వచ్చినచో కందెన నూనె మండుచున్నదని యెరుగవలెను.

పిమ్మట ఈ క్రింది వరుసను పరీక్షింపుడు. ఒక్కొక్కటి సరిచేసి నడిపి చూడవలెనే గాని, అన్నిటిని ఒకేసారి విప్పరాదు.

1. నూనె: తొట్టి అడుగున జేరిన నీటిని, మడ్డిని తీసివేయుడు. ఫిల్టరు పూడినచో క్రొత్తది వేయుడు. పీపాలోని నూనెను కదలింపక తేరనిచ్చి, పైనూనెనే వాడుడు.

2. నూనెలో గాలి: తొట్టి నింపి, ఫిల్టరు మీది గాలిమరను వదులు చేయుడు. బుడగలు పోయి నూనె ధారగా వచ్చిన వెంటనే బిగింపుడు. పంపువద్దను ఇట్లే చేయుడు. ఇంజెక్టరు నుండి చిమ్ము నూనెకు చేయి అడ్డము పెట్టరాదు. అది చర్మమును చీల్చి లోనికి బోవును. గాయము చిన్నదైనను వెంటనే వైద్యశాలకు బోవలెను.

3. గాలి: గాలి ఫిల్టరులోని దుమ్మును తీసి శుభ్రపరచుడు.

4. గవర్నరు: దాని కడ్డీలు పట్టివేయక సులువుగా కదలవలెను. వేగపు మరను త్రిప్పి వణకును కప్పిపుచ్చుట తగదు. లోపము లోపల పెరుగుచునే యుండును.

5. ఒత్తిడి: నూనె కట్టివేసి, హేండిలును మెల్లగా త్రిప్పుడు. గట్టి యడ్డగింపు తగులవలెను. తగులనిచో వాల్వులో, పిస్టను రింగులో చెడియుండును. ఆ పనిని, ఇంజెక్టరు పరీక్షను నేర్పరియగు మేస్త్రీకి అప్పగింపుడు.

కడపటి హెచ్చరిక. నీరు లోతునకు దిగినదని కొందరు ఇంజనును బావిలోనికి దింపుదురు. పొగలోని కార్బను మోనాక్సైడు వాయువునకు వాసన లేదు, రంగు లేదు. అది బావిలో నిలిచి మనుష్యుని చంపును. ఒకడు పడిపోయెనని మరియొకడు దిగినచో వాడును పడును. కావున ఇంజను గట్టుమీదనే యుండవలెను. లోపల నడచిన ఇంజనును సరిచేయుటకై యెవరును బావిలోనికి దిగరాదు.