ఇంటి మీది చింతకు క్రేను

నారాయణపేట పల్లెల్లో ఇంటి మీదికో, బావి మీదికో ఒరిగిన ముసలి చింతచెట్టు ఉంటే ఆలస్యం చేయరాదు. మొదలు తొర్రపడితే మనిషిని ఎక్కించొద్దు. క్రేను మేలు.

2002 నాటి వాల్టా చట్టం కింద ముందే అనుమతి తీసుకోవాలి. తీగలు దగ్గరుంటే లైన్‌మన్‌తో కరెంటు తీయించాలి. తడి నల్లరేగడిలో క్రేను కాళ్లు దిగబడతాయి. కింద మందపాటి చెక్కలు వేయాలి.

కొమ్మను క్రేనుకు కట్టి, పట్టీ బిగిసినాకే కోయాలి. కోసేవాడు వేరే లిఫ్టు బుట్టలో, బెల్టు కట్టుకుని ఉండాలి. పచ్చి చింతమొద్దు ఘనపు మీటరుకు సుమారు టన్ను తూగుతుంది. క్రేను చేయి చాచినకొద్దీ ఎత్తే బలం తగ్గుతుంది. అందుకే పైనుంచి చిన్న ముక్కలుగా దించాలి. కింద ఎవరూ నిలబడొద్దు. కిరాయి తగ్గుతుందని ఒకేసారి మొదలు కోయిస్తే ఇల్లే పోతుంది.