నొప్పి లేని మచ్చ గురించి మామ్మకెలా చెప్పాలి?

ప్రశ్న: పోర్ట్ బ్లెయిర్‌లో ఏఎన్‌ఎంగా పనిచేస్తున్నాను. మా వీధుల్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి. పెద్ద వయసు మామ్మలు కొందరు ఇప్పటికీ అడ్డపొగ తాగుతారు. బీపీ, షుగర్, నోటి పరీక్షలకు రమ్మంటే ‘నాకేటయిందని? నొప్పా, నలతా?’ అంటారు. క్యాన్సర్ మాటెత్తితే మళ్ళీ గడప తొక్కనివ్వరు. ఎలా ఒప్పించాలి?

జవాబు: నొప్పి లేదన్న మామ్మ మాట నిజమే, దాంతో వాదించకండి. అడ్డపొగలో చుట్ట నిప్పు కొస నోటి లోపల ఉంటుంది. ఆ వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. శ్రీకాకుళం జిల్లాలో ఇంటింటికీ తిరిగి పదివేల మందికి పైగా నోళ్ళు పరీక్షించిన అధ్యయనం 1971లోనే వెలువడింది. అడ్డపొగ తాగేవాళ్ళ అంగిలి ఎలా పాడవుతుందో అది చూపించింది. మొదట్లో అక్కడ తెల్లగా మచ్చ కడుతుంది, నొప్పి ఉండదు. కాబట్టి ఆమె మాటనే అందుకోండి: ‘నొప్పి లేకపోవడం మంచిదే మామ్మా. వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే చూద్దామని వచ్చాను. టార్చి వేసి ఒక్క నిమిషం, సూదీ గీదీ లేదు.’ కట్టుడుపళ్ళుంటే తీయమనండి, మచ్చ వాటి కిందే దాగి ఉండొచ్చు.

క్యాన్సర్ మాట దాచమని కాదు. అదెందుకు చూస్తున్నారని ఆమె అడిగిన రోజున సూటిగా చెప్పండి. చుట్ట మానితే కొన్ని మచ్చలు తగ్గుతాయనీ, రెండు వారాలకు మానని పుండైతే జీబీ పంత్ ఆసుపత్రిలో చూపించాలనీ అదే మాటలో చెప్పండి. భయపెట్టి వదిలేస్తే ఆవిడ చుట్టా మానదు, పరీక్షకూ రాదు.

నాకు బాధ కలిగించే సంగతి ఇంకోటుంది. అండమాన్‌లో డాక్టరు హిందీలో అడుగుతారు, మనవడు జవాబు చెప్తాడు, మధ్యలో మామ్మ తలూపుతూ కూర్చుంటుంది. ఒళ్ళు ఆవిడది! ముందు ఆవిడతో ఆవిడ తెలుగులోనే మాట్లాడండి. ‘అర్థమయ్యిందా?’ అని అడిగితే ఎవరైనా ‘అయ్యింది’ అనే అంటారు. ‘ఇంటికెళ్ళి కోడలికి ఏం చెప్తావు మామ్మా?’ అనడగండి. ఎక్కడ తడబడిందో అక్కడ మళ్ళీ చెప్పండి. చేపల బేరం సాగే పొద్దున పూట మాత్రం వెళ్ళకండి.

ప్రశ్న: నాన్నకు 74 ఏళ్ళు. ఆయుష్మాన్ కార్డుంది, ఏటేటా పరీక్షలు దాంతోనే చేయించొచ్చా? (డిగ్లీపూర్)

జవాబు: లేదు. 70 నిండినవారికి 2024 అక్టోబరులో ఆదాయంతో పనిలేకుండా తెరిచిన ఆ పథకం, ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా, ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకు. బీపీ, షుగర్, నోటి పరీక్షలు 30 దాటినవారికి ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్లలో ఉచితంగా చేస్తారు. ఈ తేడా నాన్నగారికి ముందే చెప్పండి. కార్డు పట్టుకుని పరీక్షకెళ్ళి తిరిగొచ్చిన పెద్దాయన రెండోసారి బయల్దేరడం కష్టం.